నాన్నకి సీఓపీడీ, 40 ఏళ్ళ సిగరెట్ అలవాటు. క్యాన్సర్ ముందే పట్టుకోడానికి సీటీ తీయించాలా వద్దా?

కందుకూరు_బస్టాండ్:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్నకి 64. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. 20 ఏళ్ళప్పుడు మొదలెట్టిన సిగరెట్, రోజుకి రెండు ప్యాకెట్లు, నైట్ సర్వీస్ ఉంటే ఇంకొకటి ఎక్కువ. నిద్ర ఆపుకోడానికి అదే మందు అనేవారు. రిటైర్ అయ్యాక నాలుగేళ్ళుగా తగ్గించారు, ఇప్పుడు రోజుకి ఐదారు కాలుస్తున్నారు, అమ్మకి తెలీకుండా ఇంకో రెండు ఉండొచ్చు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే, ఎప్పటికీ ఉండే ఊపిరితిత్తుల జబ్బు) అని మూడేళ్ళ కిందట చెప్పారు. రోటాక్యాప్ పొద్దున ఒకటి రాత్రి ఒకటి వాడతారు. బానే ఉంటారు గానీ బాత్రూం నుంచి వచ్చాక మంచం పట్టె మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి పెదాలు సున్నాలా చుట్టి ఊదుతా ఉంటారు, ఆ రెండు నిమిషాలు మాట్లాడించకూడదు, చెయ్యెత్తి ఆగమంటారు. అది చూసినప్పుడల్లా నాకు లోపల ఏదో అయిపోతది.

అసలు విషయం ఏంటంటే మా పెదనాన్న పోయిన సంక్రాంతికి లంగ్ క్యాన్సర్‌తో పోయారు. ఆయనా సిగరెట్లే. దగ్గు దగ్గు అంటానే ఉన్నారు, తెలిసేసరికి ఎముకలకి పాకింది, తెలిసిన ఐదు నెలలకే అయిపోయింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. హైదరాబాద్‌లో ఉండే మా అక్కేమో ఏదో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ పంపించింది, అందులో ట్యూమర్ మార్కర్ల (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగొచ్చు అనే పదార్థాల) రక్త పరీక్షలు ఉన్నాయి, ఛాతీ ఎక్స్‌రే కూడా ఉంది, అవి చేయిద్దాం అంటది. ఇక్కడ మా డాక్టరు గారేమో రెండు నెలల కింద ఎక్స్‌రే తీసి ఏం లేదు క్లియర్‌గా ఉంది అన్నారు. ఒక ఫ్రెండ్ చెప్పాడు లో డోస్ సీటీ అని, తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్ ఒకటుంది, సిగరెట్ తాగేవాళ్ళకి ఏడాదికోసారి తీస్తే క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుద్ది అని. ఒంగోలులో అడిగితే మూడున్నర వేలు అన్నారు.

నాన్న మాత్రం వినట్లేదు. "ఉన్న రోగానికే మందులు మింగలేక చస్తన్నా, లేని రోగాన్ని డబ్బులిచ్చి వెతుక్కోవాలా" అంటారు. అదీ నిజమే అనిపిస్తది ఒక్కోసారి.

నా డౌట్లు ఏంటంటే, ఎక్స్‌రే క్లియర్ అంటే నిజంగా క్లియరేనా. సీటీ రేడియేషన్ వల్ల ఇంకో సమస్య రాదా. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకవేళ ఏదైనా దొరికితే, ఈ ఊపిరితిత్తులతో ఆపరేషన్ తట్టుకోగలరా? తట్టుకోలేకపోతే తెలుసుకుని ఏం లాభం? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

---

జగిత్యాల_బిడ్డ:

అన్నా, మీ పోస్ట్ చదివి కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. మా ఇంట్ల జరిగింది చెప్త, ఎవలకన్న పనికొస్తదని.

మా అమ్మ బీడీలు చేస్తది, మా దిక్కు ఇంటింటికీ అదే పని కదా. మా బాపు బీడీలు తాగుతుండె. రోజుకు రెండు కట్టలు. దమ్ము ఉంటుండె, పంపు కొట్టుకుంటుండె. 2019ల దగ్గు ఎక్కువైంది, అది మామూలు దగ్గు కాదు, గొంతు కూడా బొంగురు పోయింది, బరువు తగ్గిండు. బెల్టుకు కొత్త తూటు పొడిసిండు మా బాపు, మేం నవ్వినం కూడా. దమ్మున్నోనికి దగ్గు ఉండదా అని ఎవలూ పట్టించుకోలే. ఎక్స్‌రే తీసిన్రు, నీడ లెక్క ఉంది టీబీ కావచ్చు అన్నరు. తెమడ పరీక్షల టీబీ రాలే, అయినా గోళీలు మొదలు పెట్టిన్రు. నాలుగు నెలలు మింగిండు. ఒకనాడు పొద్దుగాల తెమడల రక్తం పడ్డది, అప్పుడు సీటీ తీస్తే నాలుగో స్టేజ్. ఆ నాలుగు నెలలు నాకు ఇప్పటికీ మనసుల తిరుగుతనే ఉంటయ్.

నేను ఏ డాక్టర్‌నూ తిడుతలేను. మన దగ్గర టీబీ అంత ఎక్కువ, రెండిట్ల దగ్గు ఒకటే తీరు, బరువు తగ్గుడు ఒకటే తీరు. కానీ తెమడల టీబీ పురుగు దొరకలేదంటే ఇంకోటి ఏమైనా ఉందా అని అడగాలె, అడిగే హక్కు మనకుంది. మేం అడగలే.

మీ నాయిన దగ్గు ఎప్పటి లెక్కనే ఉందా లేక మారిందా, అది సూడుర్రి ముందు. మారితే ఇగ స్క్రీనింగ్ గిట్ల అని ఆలోచన పెట్టుకోకుర్రి, సక్కగ పెద్ద దవాఖానకు తోలుకపోయి సీటీ తీపియ్యిర్రి. గంతే నేను చెప్పేది.

---

ఛాతీ_డాక్టర్_వైజాగ్:

నేను పల్మనాలజిస్టుని. ఇక్కడ రాసేది మీ నాన్నగారిని చూసే డాక్టరుకి బదులు కాదు, ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

పైన చెల్లెమ్మ రాసింది చాలా ముఖ్యం, అందుకే ముందు అదే చెప్తాను. స్క్రీనింగ్ అనేది ఏ కొత్త లక్షణమూ లేని మనిషికి చేసేది. సీఓపీడీ ఉన్నవాళ్ళకి దగ్గూ ఆయాసం ఎప్పుడూ ఉంటాయి కాబట్టి క్యాన్సర్ దగ్గు వాటి వెనక దాక్కుంటుంది. దగ్గు తీరు మారినా, కళ్ళెలో నెత్తుటి చార కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయి మూడు వారాల్లో తగ్గకపోయినా, వేళ్ళ చివరలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా తిరిగినా అది స్క్రీనింగ్ కేసు కాదు, వెంటనే పూర్తి పరీక్షలు చెయ్యాల్సిన కేసు. గోళ్ళ విషయం చాలామంది ఇది సీఓపీడీ వల్లే అనుకుంటారు. ఒక్క సీఓపీడీ వల్ల గోళ్ళు అలా తిరగవు, తిరిగాయంటే ఇంకో కారణం వెతకాలి.

ఇక ఎక్స్‌రే. క్లియర్ అంటే అందులో కనిపించేంత పెద్దది ఏదీ లేదని అర్థం, అంతే. గుండె వెనక, పక్కటెముకల నీడలో, డయాఫ్రం కింద భాగంలో సెంటీమీటరు గడ్డ ఉన్నా ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు. అమెరికాలో లక్షా యాభై వేల మందికి పైగా జనం మీద ఒక పెద్ద ట్రయల్ చేశారు, పీఎల్‌సీఓ అని, 2011లో ఫలితాలొచ్చాయి. ఏడాదికోసారి ఎక్స్‌రే తీసిన వాళ్ళలో, తియ్యని వాళ్ళలో లంగ్ క్యాన్సర్ మరణాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే స్క్రీనింగ్‌కి ఎక్స్‌రే పనికిరాదు. ట్యూమర్ మార్కర్లు కూడా అంతే, లంగ్ క్యాన్సర్ ముందుగా పట్టడానికి వాటిని ఏ గైడ్‌లైనూ చెప్పదు. మీ అక్కగారికి చెప్పండి, ఆ ప్యాకేజీ డబ్బులు మిగుల్తాయి.

లో డోస్ సీటీ మాత్రం నిరూపణ అయింది. అదే 2011లో ఎన్ఎల్ఎస్‌టీ అనే ట్రయల్ వచ్చింది, 53 వేల మందికి పైగా, 55 నుంచి 74 ఏళ్ళ వాళ్ళు, బాగా సిగరెట్లు తాగిన వాళ్ళు. మూడేళ్ళపాటు ఏడాదికోసారి సగం మందికి సీటీ, సగం మందికి ఎక్స్‌రే. సీటీ వాళ్ళలో లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. తర్వాత 2020లో నెదర్లాండ్స్, బెల్జియం వాళ్ళ నెల్సన్ ట్రయల్‌లో మగవాళ్ళలో పదేళ్ళకి 24 శాతం తగ్గింది.

ఎవరికి తియ్యాలి అంటే అమెరికా వాళ్ళ 2021 సిఫారసు 50 నుంచి 80 ఏళ్ళు, కనీసం 20 ప్యాక్ ఇయర్లు (రోజుకి తాగే ప్యాకెట్లని తాగిన ఏళ్ళతో గుణించిన లెక్క), ఇప్పుడు తాగుతుండాలి లేదా మానేసి 15 ఏళ్ళు దాటకూడదు. ఇక్కడే మనవాళ్ళు లెక్క తప్పుతారు. ప్యాక్ ఇయర్‌లో ప్యాకెట్ అంటే 20 సిగరెట్లు. మన దగ్గర ఎక్కువగా అమ్మేది పది సిగరెట్ల ప్యాకెట్. మీ నాన్నగారివి రెండు ప్యాకెట్లు పదేసివి అయితే రోజుకి 20, అంటే లెక్కకి ఒక ప్యాక్, 40 ఏళ్ళకి 40 ప్యాక్ ఇయర్లు. ఎలా చూసినా ఆయన హై రిస్కే. దానికి తోడు సీఓపీడీ అనేది సిగరెట్లతో సంబంధం లేకుండా విడిగా కూడా లంగ్ క్యాన్సర్ రిస్క్ పెంచుతుంది, ఒకే రకంగా తాగిన ఇద్దరిలో సీఓపీడీ ఉన్నవాడికి ఎక్కువ. సొంత అన్నగారికి వచ్చింది అన్నారు, అదీ కలుస్తుంది. మన దేశంలో నోటి క్యాన్సర్, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వీటికి ప్రభుత్వ స్క్రీనింగ్ ఉంది గానీ ఊపిరితిత్తులకి లేదు, కాబట్టి మీరే అడిగి చేయించుకోవాలి.

మీ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. దొరికితే తట్టుకోగలరా? సీటీకి ముందే తెలుసుకోవాల్సింది అదే, సీటీ తర్వాత కాదు. స్పైరోమెట్రీ చేయించారా ఎప్పుడైనా? గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష. అందులో ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో ఊదగలిగిన గాలి, ఉండాల్సినదాంట్లో ఎంత శాతం ఉందో చూడండి. 50 పైన ఉంటే చాలామందికి ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేసినా నెట్టుకురాగలుగుతారు, ఇంకొన్ని పరీక్షలు చేసి నిర్ణయిస్తారు. 30 కంటే తక్కువై ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకునే స్థితి అయితే ఏటేటా స్కాన్‌ల వల్ల మేలు కంటే ఇబ్బందే ఎక్కువ, అలాంటి వాళ్ళకి నేను వద్దనే చెప్తాను, వాళ్ళ ఇంట్లో వాళ్ళకి కూర్చోబెట్టి చెప్తాను ఎందుకు వద్దో. మధ్యలో ఉన్నవాళ్ళకి ఆపరేషన్ కుదరకపోతే చిన్న గడ్డకి గురి పెట్టి ఇచ్చే రేడియేషన్ ఉంది, ఎస్‌బీఆర్‌టీ అంటారు, కొద్ది సిట్టింగుల్లో అయిపోతుంది. కోత ఉండదు. కాబట్టి ఆపరేషన్ కుదరదు కాబట్టి తెలుసుకుని లాభం లేదు అనేది ఇప్పుడు అన్నిసార్లూ నిజం కాదు.

రేడియేషన్ గురించి, లో డోస్‌కి సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత), మామూలు ఛాతీ సీటీకి ఏడు దాకా అవుతుంది. అందుకే స్కాన్ సెంటర్‌లో "లో డోస్, కాంట్రాస్ట్ లేకుండా, స్క్రీనింగ్ కోసం" అని డాక్టరు చీటీలో రాయించుకెళ్ళండి, లేకపోతే అలవాటుగా మామూలుది తీసేస్తారు. కాంట్రాస్ట్ మందు ఎక్కించే సూది లేదు, పరగడుపున వెళ్ళక్కర్లేదు, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి అంతే. ఈమధ్య జ్వరం, నెమ్ము, ఆయాసం ఎక్కువై అడ్మిట్ అవడం లాంటివి జరిగి ఉంటే రెండు మూడు నెలలు ఆగి తీయించండి, ఇన్ఫెక్షన్ మచ్చలు చూసి అనవసరంగా భయపడాల్సి వస్తుంది.

---

నెల్లూరు_గట్టుమీద:

డాక్టరు గారు అంతా బాగా చెప్పారు గానీ భయం గురించి నేను చెప్తాను, ఎందుకంటే అది మేం పడ్డాం.

మా ఆయనకి 58, సిగరెట్ మానేసి ఆరేళ్ళు, సీఓపీడీ ఉంది. ఇట్టాగే స్కాన్ తీయించాం. కుడివైపు పైభాగంలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్ (చిన్న గడ్డ) అని రాశారు రిపోర్ట్‌లో. ఆ కాగితం ఆటోలో చదువుకున్నా నేను, ఇల్లొచ్చిందాకా ఆయనకి చెప్పలేదు. మొదట చూపించిన చోట వెంటనే సూది బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష) చేద్దాం అన్నారు. మా తమ్ముడు ఇంకో డాక్టరుకి చూపిద్దాం అంటే వెళ్ళాం, ఆయన స్కాన్ సీడీ పెట్టుకుని చాలాసేపు చూసి, మీ ఆయనకి చిన్నప్పుడు టీబీ వచ్చిందా అని అడిగారు. వచ్చింది, పెళ్ళికి ముందు, 24 ఏళ్ళప్పుడు, కోర్సు పూర్తిగా వాడారు. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ చెప్పలేదు ముందు చోట. పాత టీబీ మచ్చ అయ్యుండొచ్చు, ఎంఫిసీమా (గాలి సంచులు పాడైపోవడం) ఉన్న ఊపిరితిత్తిలో సూది గుచ్చితే గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం మామూలు వాళ్ళకంటే ఎక్కువ, మూడు నెలలు ఆగి మళ్ళీ లో డోస్ తీద్దాం, పెరిగితే అప్పుడు చూద్దాం అన్నారు.

ఆ మూడు నెలలు ఎట్టా గడిపామో దేవుడికే తెలుసు. ఆయన రాత్రిళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. పాప పెళ్ళి సంబంధం మాట కూడా ఆపేశాం. మూడు నెలల తర్వాత తీస్తే అదే 9, ఏం పెరగలా. ఇంకో ఆరు నెలలకి తీశాం, అదే. ఇప్పుడు ఏడాదికోసారి.

తీయించొద్దని చెప్పట్లేదండీ. తీయించండి. కానీ వెళ్ళేముందే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి, ఏదో ఒక చుక్క కనపడొచ్చు, కనపడితే వెంటనే క్యాన్సర్ అని ఏడవకూడదు, మళ్ళీ స్కాన్ దాకా ఆగాలి అని. మాకు ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే ఆ మూడు నెలల్లో సగం బాధ తగ్గేది. ఇంకా పాత టీబీ ఉంటే, పాత ఎక్స్‌రేలు సీటీలు ఎక్కడున్నా వెతికి పట్టుకెళ్ళండి. పాత ఫిల్మ్‌లో అదే చుక్క ఉంటే అక్కడికక్కడే సగం తేలిపోద్ది.

---

ఛాతీ_డాక్టర్_వైజాగ్:

చాలా మంచి మాట చెప్పారమ్మా. నేను రాయడం మర్చిపోయిన విషయం ఇది. ఎన్ఎల్ఎస్‌టీలో మూడు స్కాన్‌లలో ఒక్కసారైనా అనుమానం వచ్చిన వాళ్ళు పది మందిలో నలుగురి దాకా ఉన్నారు, ఆ అనుమానాల్లో 96 శాతం క్యాన్సర్ కాదు. ఇప్పుడు సైజుని బట్టి పద్ధతులు మెరుగయ్యాయి కాబట్టి అంత ఉండదు, కానీ టీబీ మచ్చలు ఎక్కువ ఉన్న మన దగ్గర అది తక్కువగా అనుకోకూడదు. గట్టి నాడ్యూల్ 6 మిల్లీమీటర్ల లోపు అయితే మామూలుగా ఏడాది తర్వాతే మళ్ళీ స్కాన్, 6 నుంచి 8 లోపు అయితే ఆరు నెలలకి, 8 దాటితే మూడు నెలలకి లేదా పెట్ స్కాన్ (చురుగ్గా ఉన్న కణాల్ని చూపించే స్కాన్). చుక్క ఉందా లేదా అన్నదానికంటే పెరుగుతోందా లేదా అన్నదే మాకు ఎక్కువ చెప్తుంది. అందుకే ఒక్కసారి తీయించి బీరువాలో పెట్టేస్తే అది స్క్రీనింగ్ కాదు.

---

మాంచెస్టర్_మల్లెతీగ:

నేను ఇక్కడ యూకేలో నర్సుని, మాది తణుకు దగ్గర పల్లెటూరు. మీ నాన్నగారి మాట దగ్గర ఆగిపోయాను, లేని రోగాన్ని డబ్బులిచ్చి వెతుక్కోవాలా అన్నది. ఇక్కడ తెల్లవాళ్ళ తాతలు కూడా అచ్చం ఇదే అంటారండీ, వేరే భాషలో.

ఇక్కడ మాంచెస్టర్‌లో 2016లో ఒక పైలట్ చేశారు. సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్‌లో పెద్ద ట్రక్కు పెట్టి, అందులోనే సీటీ మెషీన్. హాస్పిటల్ అంటే రాని వాళ్ళు కూరగాయలు కొనుక్కోడానికి వచ్చి అటే లోపలికి వస్తారని. దానికి క్యాన్సర్ టెస్ట్ అని పేరు పెట్టలేదు, లంగ్ హెల్త్ చెక్ అని పెట్టారు. తర్వాత 2019 నుంచి ఇంగ్లండ్‌లో మిగతా ఊళ్ళకీ తీసుకెళ్ళారు, 55 నుంచి 74 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా సిగరెట్ తాగినవాళ్ళకి పిలుపు వస్తుంది. దొరికిన క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులు మొదటి రెండు స్టేజుల్లోనే దొరుకుతున్నాయి. మామూలుగా దగ్గుతో వచ్చి దొరికేవి ఎక్కువ మూడు నాలుగు స్టేజులు.

నేను కొన్నాళ్ళు ఆ పనిలో ఉన్నాను కాబట్టి ఒకటి గమనించాను. వాళ్ళకి స్కాన్ అంటే భయం లేదు, తిట్లంటే భయం. లోపలికి రాగానే "నాకు తెలుసమ్మా, నేనే చేసుకున్నాను ఇదంతా" అంటారు తల దించుకుని. మా నాన్న కూడా చుట్ట తాగేవారు, ఆయన కూడా డాక్టర్ దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం అదే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది, డాక్టర్ ముందు కొడుకు కోడలు ఎదురుగా చివాట్లు తినాలి కదా అని. మీ నాన్నగారు నైట్ డ్యూటీలో బస్సు నిండా జనాన్ని క్షేమంగా తీసుకురావడానికి నిద్ర ఆపుకుంటూ ఆ అలవాటు పట్టుకున్న మనిషి. ఆయనతో క్యాన్సర్ మాట ఎత్తకుండా, నాన్నా బస్సుకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించినట్టు ఊపిరితిత్తులకి ఒకసారి చూపిద్దాం అని అడిగి చూడండి. అబద్ధం చెప్పమని కాదు, ఆయన అడిగితే దేనికో పూర్తిగా చెప్పండి, మొదలు మాత్రం అక్కడ పెట్టండి. ఇష్టం లేకుండా మాత్రం తీసుకెళ్ళకండి, ఎందుకంటే ఇది ఒక్క రోజు పని కాదు, ఏటేటా రావాలి, మొదటిసారి బలవంతంగా తీసుకెళ్తే రెండోసారి రారు.

ఇంకొకటి. స్కాన్ తీయిస్తున్నాం కదా అని సిగరెట్ సంగతి వదిలెయ్యకండి. ఆ ఎన్ఎల్ఎస్‌టీ వాళ్ళ లెక్కల్లోనే తర్వాత చూస్తే, ఏడేళ్ళు సిగరెట్ మానేసి ఉన్నవాళ్ళకి వచ్చిన లాభం సీటీ వల్ల వచ్చిన లాభంతో సమానంగా ఉంది. రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ.

---

కందుకూరు_బస్టాండ్:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఇంతమంది ఇంత టైమ్ పెట్టి రాస్తారనుకోలేదు.

జగిత్యాల చెల్లీ, నీ పోస్ట్ చదివాక రాత్రి నాన్న చేతి వేళ్ళు చూశా నిద్రపోతుంటే, ఫోన్ లైటేసి. గోళ్ళు మామూలుగానే ఉన్నాయి. బరువు పెన్షన్ పని మీద వెళ్ళినప్పుడు చూపిస్తే అంతే ఉంది. దగ్గు మారలేదనే అమ్మ కూడా అంటోంది.

డాక్టర్ గారూ, స్పైరోమెట్రీ మూడేళ్ళ కింద ఒకసారి చేశారంట, కాగితం దొరకలేదు. ప్యాకెట్ లెక్క మీరు చెప్పిందే కరెక్ట్, పది సిగరెట్లవే. ఒక డౌట్, సిగరెట్ మానడానికి ఏదైనా మందు ఉందా? ఊరికే మానెయ్ అంటే చాలాసార్లు మానారు, నాలుగో రోజుకి అందరి మీదా అరవడం మొదలు.

---

ఛాతీ_డాక్టర్_వైజాగ్:

ఉంది. నికోటిన్ గమ్, ప్యాచ్ ఉన్నాయి, వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు ఉన్నాయి, ఇవి డాక్టరు చూసి రాయాలి. ఆ నాలుగో రోజు అరుపులు నికోటిన్ లేక వచ్చేవి, ఆయన మొండితనం కాదు. మందుతో పాటు మాట్లాడే మనిషి కూడా ఉంటే మానేవాళ్ళు పెరుగుతారు. జాతీయ క్విట్‌లైన్ 1800 112 356, ఫ్రీ నంబరు, వాళ్ళు తర్వాత కూడా ఫాలో అప్ చేస్తారు. 64 ఏళ్ళకి మానినా లాభమే. పోయిన ఊపిరి వెనక్కి రాదు గానీ ఇకమీద తగ్గే వేగం తగ్గుతుంది, రేపు ఆపరేషన్ అవసరమైనా మానేసిన వాళ్ళు త్వరగా కోలుకుంటారు.

---

కందుకూరు_బస్టాండ్:

అప్‌డేట్. దాదాపు ఐదు వారాలైంది, చెప్పాలి కదా.

బస్సు ఎఫ్‌సీ మాట పని చేసిందండీ మల్లెతీగ గారూ. నవ్వారు ముందు. తర్వాత ఆయనే అడిగారు, మీ పెదనాన్నకి వచ్చిందే చూస్తారా అని. అవును నాన్నా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "వాడిని కూడా ఇట్టా ముందే తీసుకెళ్ళుంటే" అని ఆపేశారు. పొద్దున్నే స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని రెడీగా కూర్చున్నారు.

ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాం. ఊదే పరీక్షలో ఎఫ్ఈవీ1 58 శాతం వచ్చింది. ఆయన కూడా మీరు చెప్పినట్టే చెప్పారు, ఏదైనా దొరికితే వైద్యం చెయ్యగలిగిన స్థితిలోనే ఉన్నారు, కాబట్టి తీద్దాం అన్నారు. నెల్లూరు అక్క చెప్పినట్టు ముందు రోజు రాత్రి నేనూ అమ్మా నాన్నా కూర్చుని మాట్లాడుకున్నాం, అక్క ఫోన్‌లో ఉంది, చుక్క కనపడితే ఏం చెయ్యాలో ముందే అనుకున్నాం. స్కాన్ సెంటర్‌లో నిజంగానే మామూలుది పెట్టబోయారు, చీటీ చూపించి లో డోస్ అని అడిగితే మార్చారు. ఊపిరి బిగబట్టడం ఆయనకి కష్టమైంది, మొదటిసారి మధ్యలో దగ్గు వచ్చింది, ఆ అబ్బాయి ఓపిగ్గా రెండోసారి తీశాడు.

రిపోర్ట్‌లో రెండు వైపులా పైన ఎంఫిసీమా ఉంది, ఎడమ కింద భాగంలో 4 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఒకటి ఉంది. నాలుగు అని చదవగానే నాకు గుండె ఝల్లుమంది గానీ, అమ్మే అంది, ఆరు లోపేగా అని. డాక్టరు కూడా ఏడాది తర్వాత రమ్మన్నారు.

---

జగిత్యాల_బిడ్డ:

అన్నా మస్తు సంతోషం. సిగరెట్?

---

కందుకూరు_బస్టాండ్:

మాత్రలు రాశారు. ఈరోజుకి పదకొండు రోజులు. నాలుగో రోజు, ఐదో రోజు బాగా అరిచారు, అమ్మ మా పిన్ని వాళ్ళింటికెళ్ళి కూర్చుంది. ఇప్పుడు కొంచెం నయం, సాయంత్రం ఆరింటికి మాత్రం చెయ్యి చొక్కా జేబు మీదికి పోతోంది, అక్కడ వక్కపొడి పెట్టుకుంటానన్నారు, అది కూడా నోటికి మంచిది కాదని సోంపు పెట్టాం.

స్కాన్ కవర్ ఆయనే తీసుకుని, సర్వీస్‌లో ఉన్నప్పుడు లాగ్‌షీట్ రాసినట్టు పెన్నుతో పైన వచ్చే ఏడాది తేదీ వేసి, పెన్షన్ కాగితాల ఫైల్లో పెట్టుకున్నారు.